అమ్మ ఛార్జి ఇవ్వలేదు

ఎనభైల మొదట్లో మా రాష్ట్రంలో ఒక ఉత్తర్వు వచ్చింది. సర్కారు కొలువులో ఉన్నవాళ్లు యాభై ఎనిమిదేళ్లకు కాదు, యాభై అయిదుకే దిగిపోవాలన్నారు. కుర్రవాళ్లకు ఉద్యోగాలు దొరుకుతాయని కారణం చెప్పారు. ఆ కారణం చెప్పిన పెద్దలకు మాత్రం దిగిపోయే వయసంటూ ఏదీ లేదు. ఇప్పుడు నేనే పెన్షన్ తీసుకునే వయసుకు వచ్చాను, అయినా ఆ ఉత్తర్వు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. మండనీ. చల్లారాలన్న కోరిక నాకేమీ లేదు.

అప్పుడు మా అమ్మ కోదాడలో ఆడపిల్లల సర్కారు హాస్టల్‌కు మేట్రన్. హాస్టల్ గేటు పక్కన ఉన్న ఒంటి గదిలో అమ్మా నేనూ ఉండేవాళ్లం. నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ గది కొలువుతో పాటు వచ్చింది, కొలువు పోతే గదీ పోతుంది. ఆ రెండూ పోతే మేము ఎక్కడికి పోవాలో ఇద్దరికీ బాగా తెలుసు. అందుకే ఆ ఊరి పేరు ఇంట్లో ఎత్తేవాళ్లం కాదు.

ఆ ఊరు మాడుగులపల్లి. మా మేనమామ ఊరు. నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు లారీ నడిపేవాడు. ఒక వానాకాలంలో దామరచర్ల దారిలో లారీ బోల్తా పడి చనిపోయాడు. దినాలు కాగానే మామ వచ్చి మమ్మల్ని తీసుకుపోయాడు. మామ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే అమ్మకు పని సులువయ్యేది, నాలుగు తిట్టి బయటపడేది. అత్త కూడా పల్లెత్తు మాట అనేది కాదు. కానీ తలనొప్పి మాత్ర కావాలన్నా, బట్టల సబ్బు కావాలన్నా, నాకు పలక కావాలన్నా అమ్మ అత్త మొహం చూసి, ఆమె తీరికగా ఉన్న సమయం చూసి, గొంతు తగ్గించి అడగాలి. అడిగితే ఇచ్చేవాళ్లు. ఎప్పుడూ లేదనలేదు. కానీ అడగాలి. మిర్యాలగూడ బజారులో బేరం ఆడితే దుకాణదారులు దండం పెట్టే మనిషి, తమ్ముడి ఇంట్లో ఉప్పు డబ్బా మూత తీయడానికి కూడా వెనకాముందూ ఆడేది. చిన్నదాన్నే అయినా నాకది కనిపించేది, కోపం వచ్చేది. ఎవరి మీద రావాలో మాత్రం తెలిసేది కాదు.

అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఆమె ఈడు ఆడవాళ్లలో మా వైపు అదే పెద్ద చదువు. కోదాడ హాస్టల్‌కు చదువొచ్చిన ఆడమనిషి కావాలని తెలిసి వెళ్లింది. మొదట తాత్కాలికం అన్నారు. తాత్కాలికం తాత్కాలికం అంటూనే ఏళ్లు గడిపి, చివరికి పర్మనెంట్ చేశారు. పర్మనెంట్ చేసిన రోజు నుంచే సర్వీసు లెక్క. అంతకుముందు చేసిన చాకిరీ అంతా గాలికి పోయింది.

యాభై అయిదు ఉత్తర్వు వచ్చిన మొదటి విడతలో అమ్మ లేదు. ఆమెకు ఆ వయసు మరుసటి ఏడు ఎండలు మొదలయ్యే నాటికి నిండుతుంది. దిగిపోయాక ఏమేమి వస్తాయో అడుగుదామని ఇద్దరం సూర్యాపేటలో ఉన్న మా పై ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమస్తా మంచివాడే, కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు.

"పెన్షన్ రావాల్నంటే పదేండ్ల సర్వీసు ఉండాలె అమ్మా. మీకు నిండుతలేదు, కొన్ని నెలలు తక్కువ పడుతున్నయి. ఒక్కపారి ఇచ్చే పైసలేవో కొంచెం వస్తయి. నెల నెల పెన్షన్ అయితే రాదు" అన్నాడు.

"యాభై ఎనిమిదేండ్ల దాక ఉంచితె పదేండ్లు దాటుతయి గద బిడ్డా?"

"దాటుతయి."

"మరి మూడేండ్లు కోసింది ఎవరు? నేనా?"

"రూలు అమ్మా."

"కోసినోళ్లే కలపాలె" అని అమ్మ లేచింది.

కోదాడ బస్సు ఎక్కాం. నేను ఏడుస్తున్నాను. పక్క సీటాయన చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఏడుస్తున్నాను. మునగాల దాటాక అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే, "నేను మాడుగులపల్లి పోను" అంది. ఎట్లా అని నేను అడగలేదు. ఎట్లాగో ఆమెకూ అప్పటికి తెలియదనుకుంటాను.

మా వైపు కొలువు దిగేవాళ్లను ఉత్తగా పంపరు. మెడలో దండ వేసి, శాలువా కప్పి, రిక్షాలోనో జీపులోనో కూర్చోబెట్టి, బ్యాండు వాయిస్తూ ఇంటి గుమ్మం దాకా తెచ్చి దింపుతారు. ఊరంతా చూస్తుంది. అట్లా ఊరేగిన మనిషి మళ్లీ ఆ ఆఫీసు మెట్లెక్కితే చుట్టపు చూపుగానే ఎక్కాలి. అమ్మ దిగే రోజు కూడా హాస్టల్ వంటామె, వాచ్‌మన్, పక్క బడి పంతుళ్లు కలిసి అన్నీ ఏర్పాటు చేశారు. బంతిపూల దండ వచ్చింది. పూలు చుట్టిన రిక్షా వచ్చింది. బ్యాండువాళ్లు గేటు బయట కూర్చుని బీడీలు తాగుతున్నారు. మామ పొద్దున్నే ట్రాక్టర్ వేసుకుని వచ్చాడు, మా సామాను ఎత్తుకుపోవడానికి. వెనక పశువుల కొట్టం పక్కన గదికి సున్నం కొట్టించానని, కొత్త మంచం అల్లించానని సంబరంగా చెప్పాడు. అత్తకు మోకాళ్ల నొప్పులనీ, వంట ఇక అక్క చూసుకుంటే ఇల్లు నిమ్మళంగా ఉంటుందనీ కూడా చెప్పాడు.

దండ తెచ్చిన పంతులు దగ్గరికి రాగానే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగుండ్రి సార్. ఛార్జి తీసుకునేటోళ్లు ఏరి?"

సర్కారు కొలువు తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. దిగిపోయే మనిషి తన చేతిలోని తాళాలు, సామాను, బాధ్యత మొత్తం వచ్చే మనిషికి అప్పగించి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. దాన్నే ఛార్జి ఇవ్వడం అంటారు. హాస్టల్ అయితే కంచాలు, గ్లాసులు, దుప్పట్లు, ట్రంకు పెట్టెలు, లాంతర్లు అన్నీ ఒక్కొక్కటి చూసి లెక్కపెట్టి తీసుకోవాలి. అమ్మ దగ్గర ఛార్జి తీసుకోవడానికి హుజూర్‌నగర్ మగపిల్లల హాస్టల్ వార్డెన్‌ను పంపారు. ఆయన హాస్టల్‌తో పాటు ఇది కూడా ఆయనే చూసుకోవాలట. ఒక్కసారిగా అంతమందిని దింపేసరికి ఎవరిని ఎక్కడ వేస్తున్నారో పైవాళ్లకే సోయి లేదు. ఆడపిల్లల హాస్టల్‌కు మగమనిషిని వేశారన్నది ఎవరికీ తట్టలేదు.

అమ్మకు తట్టింది. అప్పుడే తట్టిందో, ఆ కాగితం వచ్చిన రోజే తట్టి దాచుకుందో నాకు తెలియదు. వార్డెన్ గేటు దాటి రెండడుగులు వేయగానే గోడ మీది బోర్డు చూపించింది. "పురుషులకు ప్రవేశము లేదు" అని నీలి రంగుతో రాసి ఉంది.

"నేను కొత్త ఇన్‌ఛార్జిని అమ్మా" అన్నాడాయన.

"కావచ్చు సార్. బోర్డు మీద ఇన్‌ఛార్జి రావచ్చని రాసి లేదు."

"సామాను లెక్కబెట్టాలె గదా?"

"సామాను పిల్లల గదులల్ల ఉన్నది. పిల్లలు లోపల సదువుకుంటున్నరు. పరీక్షలు నడుస్తున్నయి. మీరెట్ల పోతరు?"

"పిల్లల్ని జరసేపు బయటికి పంపుండ్రి."

"గింత ఎండల ఆడపిల్లలను రోడ్డు మీద నిలబెట్టాల్నా? వాళ్ల అమ్మానాయినలు నన్ను నమ్మి పంపిండ్రు, మిమ్ముల కాదు."

ఆయన చెమట తుడుచుకున్నాడు. పాపం, భోజనం వేళకు హుజూర్‌నగర్ బస్సు పట్టుకోవాలని ఆయన తొందర. "పోనీ, చూడకుండనే సంతకం పెడత. మీ మీద నమ్మకం ఉన్నది" అన్నాడు.

అంతే, అమ్మ గొంతు లేచింది. "చూడకుంట సంతకం పెట్టేటోనికి పిల్లల్ని ఎట్ల అప్పజెప్పాలె సార్? ఆడమనిషిని పంపుండ్రి. లోపలికొచ్చి, ఒక్కొక్కటి చూసి తీసుకుంటది. గంటల ఇచ్చి పోత. నేను కానూను తప్పుతలేను, మీరే తప్పమంటున్నరు."

వార్డెన్ వెనక్కి వెళ్లిపోయాడు. బ్యాండువాళ్లకు అమ్మ అన్నం పెట్టించి పంపింది. దండలో పూలు పిల్లలు తెంపి జడల్లో పెట్టుకున్నారు. నేను గదిలోకి పోయి తలుపేసుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. అంత సంతోషం నాకు పెళ్లి రోజు కూడా కలగలేదు.

మామ మాత్రం ఖాళీ ట్రాక్టర్ పక్కన నిలబడిపోయాడు. "నా తిండి నీకు చేదయిందా అక్కా?" అన్నాడు. నిజంగా బాధపడ్డాడు, కళ్లు ఎర్రబడ్డాయి.

"చేదెందుకు తమ్మీ. అడుక్కునుడు నాతోని కాదు."

"ఎవరడుక్కోమన్నరు నిన్ను?"

"అడగకుంట నీ ఇంట్ల ఎట్ల బతకాల్నో చెప్పు మరి. ఇప్పుడే ట్రాక్టర్ ఎక్కుత."

మామ ట్రాక్టర్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఆయన మీద జాలి వేసింది, కానీ ఆపాలనిపించలేదు.

ఆ నెల నుంచి జీతం ఆగిపోయింది. తాళాలు మాత్రం అమ్మ నడుముకే ఉన్నాయి. ఆమె జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది, నేను చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పాను. పొద్దున్నే పిల్లల్ని లేపడం, పాలు చూసుకోవడం, జ్వరం వచ్చిన పిల్లను దవాఖానకు తీసుకుపోవడం అన్నీ మామూలుగానే చేసేది. కానీ హాస్టల్ బియ్యంలో గింజ ముట్టుకునేది కాదు. జీతం లేని మనిషి పిల్లల అన్నం తింటే దొంగతనమే అంది. మరి జీతం లేని మనిషివి తాళాలెందుకు పెట్టుకున్నావని అడిగాను.

"జీతం వాళ్లు ఆపిండ్రు. తాళాలు నేను ఇయ్యలేదు. ఎవరి పని వాళ్లది" అంది.

బజారులో నవ్వేవాళ్లు నవ్వారు. కిరాణా కొట్టు ఆయన, కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు, "ఏమ్మా తీసేసిన తాసీల్దారుగారూ, ఇవాళ ఏం కావాలండీ?" అనేవాడు. అమ్మ పైసలు ఇచ్చి సామాను తీసుకునేది. నేనే ఒకరోజు, "తీసేయలేదు, తీయనివ్వలేదు" అని అరిచి చింతపండు పొట్లం అక్కడే వదిలేసి వచ్చాను. ఇంటికొచ్చాక చింతపండు లేని పప్పు తిన్నాం.

వేసవిలో పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు. ఇప్పుడు ఛార్జి తీసుకుంటారేమోనని నేను భయపడ్డాను. పిల్లలు లేరు కనుక మగవాడైనా లోపలికి రావచ్చు. సరిగ్గా అదే ఆలోచన వాళ్లకు రాలేదు. ఆ ఎండల్లో ఎవరూ సూర్యాపేట నుంచి కదల్లేదు. జూన్‌లో హాస్టల్ తెరిచి పిల్లలందరూ వచ్చేశాక అప్పుడు ఆఫీసరు జీపు వేసుకుని వచ్చాడు. మా పై ఆఫీసరు ఆయనే. గేటు బయటి నుంచే కేకలు మొదలుపెట్టాడు.

"సర్కారు బిల్డింగు ఆక్రమించావు. పోలీసు కేసు పెట్టిస్తాను, ఏమనుకున్నావో!"

"పెట్టుండ్రి సార్. లోపలికి రావాల్నంటే ఆడ పోలీసును పంపుండ్రి" అంది అమ్మ.

అప్పట్లో కోదాడ స్టేషన్‌లో ఆడ పోలీసు అన్న మాటే లేదు. కిటికీల్లోంచి పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆఫీసరు మొహం జేవురించింది.

"ఆడమనిషిని పంపమంటావు, ఎక్కడి నుంచి పంపను? పని తెలిసినవాళ్లంతా దిగిపోయారు" అన్నాడు.

"ఎవరు దింపిండ్రు సార్ వాళ్లను?"

ఆయన జీపెక్కాడు. ఆ రాత్రి అమ్మ గేటు తాళం రెండుసార్లు లేచి చూసి వచ్చింది. ధైర్యం ఉన్న మనిషికి భయం ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. తర్వాత జాకెట్టు కుట్టింది, కుట్లు వంకరపోయాయి, విప్పి మళ్లీ కుట్టింది. జైల్లో పెడితే నువ్వు చదువు మానొద్దు అని నాతో చెప్పింది. తమ్ముడి ఇంటికంటే జైలు నయమా అని అడిగాను. "జైలుల అడగకుంటనే పెడతరు గద" అని నవ్వింది.

వానలు ముదిరాక రేడియోలో వార్త వచ్చింది. వయసు మళ్లీ యాభై ఎనిమిది చేశారు. హాస్టల్ పిల్లలు అమ్మను ఎత్తుకుని తిప్పినంత పని చేశారు. ఆ సంబరం రెండు రోజులు కూడా నిలవలేదు. ఇప్పటికే దిగిపోయినవాళ్లకు ఇది వర్తించదని తెలిసింది. కోసిన మూడేళ్లు కోసినట్టే. తప్పు చేశామని ఒప్పుకుంటారు, కానీ ఆ తప్పు కింద నలిగినవాళ్లు నలిగినట్టే పడి ఉండాలి. ఇట్లాంటి న్యాయం సర్కారుకే చేతనవుతుంది.

ఆ వారంలోనే ఆఫీసరు మళ్లీ వచ్చాడు. ఈసారి కేకలు లేవు. గేటు దగ్గర వేసిన కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగాడు. "అమ్మా, నువ్వు దిగిపోయినదానివి. నీకిది వర్తించదు. ఇక మొండితనం మానుకో" అన్నాడు.

"దిగిపోయిన అంటున్నరు. ఛార్జి ఇచ్చిన కాయితం సూపియ్యుండ్రి సార్. నా సంతకం ఏడ ఉన్నది? తీసుకున్నోళ్ల సంతకం ఏడ ఉన్నది?"

"సంతకం లేకపోయినా వయసు నిండితే దిగినట్టే."

అమ్మ మామూలు గొంతుతో అడిగింది. "మీకెప్పుడు నిండుతుండె సార్ యాభై అయిదు?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. వచ్చే నెలలో, అన్నాడు. ఇంకా ఇద్దరు పిల్లల పెండ్లిళ్లు ఉన్నాయనీ, ఏడాది నుంచి సరిగా నిద్ర లేదనీ చెప్పాడు. అడగకుండానే చెప్పాడు. రేడియో విన్న రోజు ఇంట్లో పాయసం వండుకున్నారట.

"మీ ఇంట్ల పాయసం వండుకున్నరు. నన్ను మాత్రం పోయి తమ్ముని కొట్టం పక్కన పండుకొమ్మంటున్నరు. నాలుగైదు నెలలు ముందు పుట్టిన పాపానికి" అంది అమ్మ. "నెలలే గద సార్ మనిద్దరికీ తేడా."

నాకు ఆయన మీద జాలి వేయాలి, వేయలేదు. వెళ్లేటప్పుడు, "ఛార్జి తీసుకోవడానికి అర్హులైన మహిళ లేనందున మేట్రన్ కొనసాగుతున్నదని రాసి పైకి పంపుతాను. జీతం సంగతి నా చేతిలో లేదు. పైవాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదు" అన్నాడు.

పైవాళ్లు ఏమీ చేయలేదు. ఆ ఫైలు హైదరాబాదు వెళ్లి అక్కడే పడుకుంది. అది పడుకుని ఉండగానే కోర్టు తీర్పు వచ్చింది. యాభై అయిదుకు దింపినవాళ్లలో యాభై ఎనిమిది నిండనివాళ్లందరినీ తిరిగి తీసుకోమన్నారు. ఎక్కడెక్కడి నుంచో జనం మళ్లీ కొలువుల్లో చేరడానికి బస్సులెక్కారు. అమ్మను కూడా చేరినట్టు కాగితం రాసివ్వమన్నారు. "పోతే గద చేరేది" అని గొణిగింది కానీ, పెన్షన్ కోసమని రాసిచ్చింది. ఆమె మొండితనం ఆమె బుర్రను తినేయలేదు. ఎక్కడ ఆపాలో కూడా ఆమెకు తెలుసు.

పదేళ్లు నిండాయి, దాటాయి. యాభై ఎనిమిదికి దిగింది. పెన్షన్ మంజూరయింది. మిర్యాలగూడలో రైల్వే గేటు అవతల రెండు గదులు కిరాయికి తీసుకుంది. నాకు కూడా అదే ఊళ్లో గుమస్తా ఉద్యోగం దొరికింది. నా పెళ్లయ్యాక కూడా ఆమె నా దగ్గరికి రాలేదు. రమ్మని నేనూ బలవంతం చేయలేదు, ఎందుకో నాకు తెలుసు కనుక.

తొంభైలలో ఒక కరువు ఏడు మామకు జబ్బు చేసింది. మిర్యాలగూడ దవాఖానలో చూపించుకోవడానికి అత్తతో సహా వచ్చి అమ్మ గదుల్లోనే ఉన్నాడు. నేను వెళ్లేసరికి అత్త గడప దగ్గర నిలబడి, "వదినా, ఆయనకు జర పాలు..." అంటోంది. అమ్మ చేతిలో పని ఆపేసింది.

"ఈ ఇంట్ల అడగొద్దు. ఏది కావాల్నంటే అది తీసుకో. మళ్ల అడిగితె మాత్రం నాకు కోపమొస్తది" అంది. అత్త కొంగుతో మొహం కప్పుకుంది. ఎంత అర్థమైందో తెలియదు కానీ, మర్నాటి నుంచి అడగలేదు.

పెన్షన్ తీసుకునేవాళ్లు ఏడాదికోసారి ట్రెజరీకి వెళ్లి, బతికే ఉన్నామని చూపించుకోవాలి. చాలామందికి అది అవమానంగా ఉండేది. అమ్మకు కాదు. ఆ రోజు తలంటుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, రిక్షా మాట్లాడుకుని వెళ్లేది. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఒక ఏడు కాలు నొప్పిగా ఉందంటే నేను తోడు వెళ్లాను. కిటికీ వెనక ఒక కుర్రవాడు కూర్చున్నాడు, కొత్తగా చేరినట్టున్నాడు. అమ్మ కాగితాలు తిరగేసి వేళాకోళంగా నవ్వాడు.

"ఏంది అవ్వా, కొలువు చేసిన ఏండ్ల కంటె పెన్షన్ తీసుకున్న ఏండ్లే ఎక్కువైనట్టున్నయి గదా!"

వరసలో ఉన్న ముసలివాళ్లు నవ్వారు. నాకు రక్తం తలకెక్కింది. నోరు తెరవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, కిటికీ ఊచలు పట్టుకుని నిటారుగా నిలబడింది.

"నువ్వు పుట్టినప్పుడో ఏమో, యాభై అయిదుకే నా పని ఖతమైందన్నరు బిడ్డా ఈ సర్కారోళ్లు. ఖతమైందో లేదో వాళ్లకేం ఎరుక? ఆ దినం వస్తె నేనే చెప్త. ఇయ్యాల మాత్రం బతికే ఉన్న, మంచిగున్న. గట్లనే రాసుకో."

కుర్రవాడి నవ్వు ఆగిపోయింది. తల వంచుకుని రాసుకున్నాడు.